నిచ్చెన వేసి చూశాకే రేటు

ఇంటి కప్పు పనికి మనిషిని పిలిచినప్పుడు వచ్చినాయన ముందు కొలతలు అడిగాడా, నిచ్చెన అడిగాడా అన్నది నేను గమనిస్తాను. వాకిట్లోనే నిలబడి పొడుగూ వెడల్పూ అడిగి, ఫోన్లో గుణించి, చదరపు అడుగుకి ఇంత అని చెప్పేవాళ్లే ఎక్కువ. ఆ రేటు రేకుది. మన కప్పు సంగతి వాళ్లింకా చూడనేలేదు.

భీమిలి దగ్గర మా పాత పెంకుటిల్లు కురవడం మొదలయ్యాక మేస్త్రీలను పిలిపించాం. పెంకు మొత్తం తీసేసి రేకులు వేసేద్దామని దాదాపు అందరూ అన్నారు. ఒక పెద్దాయన మాత్రం, "ముందు పైకెక్కి సూడాల బాబూ. వాసాలెలాగున్నాయో సూడకుండా రేటెలా సెప్తాను?" అన్నాడు. చూరు దగ్గర నాలుగు పెంకులు తీసి పక్కన పెట్టి, కింద రీపర్లను స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూసుకుంటూ వెళ్లాడు. మంచి కర్ర మీద మొన టక్కుమని ఆగిపోయింది. చెద తిన్నచోట లోపలికి దిగిపోయింది. అలా దిగినచోటల్లా సుద్దతో గీత పెట్టాడు. కిందికి దిగాక, తుఫానప్పుడు గాలివాన ఏ వైపు నుంచి కొడుతుందని మా అమ్మనడిగాడు. పెంకు బాగానే ఉందనీ, పాడైంది దాని కింది కర్రేననీ తేల్చాడు. మిగతావాళ్ల కంటే ఎక్కువే అడిగాడు. పని ఆయనకే ఇచ్చాం.

పెంకు మీద నాకున్న ఇష్టం వట్టి జ్ఞాపకాల వల్ల వచ్చింది కాదు. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో నేత్రావతి ఒడ్డున ఫ్యాక్టరీ పెట్టి, అక్కడి బంకమట్టితో ఈ పెంకులు చేయడం మొదలుపెట్టారు. పెంకు అంచున ఉన్న గాడిలో పక్క పెంకు గట్టు కూర్చుంటుంది. నీళ్లు పక్కకు చిమ్మకుండా ఆ గాడిలోంచే కిందికి జారిపోతాయి. పెంకుల సందుల్లోంచి ఇంట్లో వేడి గాలి పైకి పోతుంది. రేకుల కింద మధ్యాహ్నం కూర్చున్నవాళ్లకి ఈ సందుల విలువ తెలుస్తుంది. అయితే పెంకుకు వాటం ఎక్కువ కావాలి, అడుగుకి ఆరంగుళాలైనా పడాలి. వాటం తగ్గితే గాలివాన నీటిని సందుల్లోకి ఎగదోస్తుంది. పైగా ఏటా వానల ముందు ఎవరో ఒకరు ఎక్కి పెంకు సర్దాలి. ఆ పని తెలిసినవాళ్లు తగ్గిపోయారు, కోతులేమో పెరిగాయి. ఊళ్లలో చాలా ఇళ్ల మీదికి రేకులెక్కడానికి ఈ రెండూ ముఖ్యమైన కారణాలు. అలా మార్చుకున్నవాళ్లను నేను తప్పుపట్టలేను.

మేం ముందింటికి రీపర్లు మార్చి పాత పెంకే వేయించాం. చూరు వెంటా కొప్పు వెంటా సిమెంటు పట్టీలు పోయించాం. వెనక వసారా మీదున్న సిమెంటు రేకులు మాత్రం తీయించేశాం. వాటిలో ఉండేది ఆస్బెస్టాస్. మన దేశంలో ఈ రేకులు ఇంకా బజారులో దొరుకుతున్నాయి గానీ, ఏ రకం ఆస్బెస్టాస్ అయినా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఆస్బెస్టాస్ పోగులు సిమెంటులోనే ఉంటాయి. కోసినా, పగలగొట్టినా, పొడి ఊడ్చినా లేస్తాయి. అందుకని తీసేవాళ్లు ముందు రేకును బాగా తడపాలి, బోల్టులు విప్పి రేకును రేకుగానే దించాలి, ముక్కుకు కట్టుకున్న తువ్వాలుతో సరిపెట్టకుండా సరైన మాస్కు పెట్టుకోవాలి. పైనుంచి కింద పడేసి పగలగొట్టే కాంట్రాక్టరుకి ఆ పని ఇవ్వకండి. ఆ దుమ్ము ముందుగా పీల్చేది అతని కూలీలే.

వసారాకు రంగు రేకులు వేయించాం. షాపులో అందరూ మందం గురించే మాట్లాడతారు. 0.45 మి.మీ. అంటే రంగుతో కలిపి కొలిచిందా, లోపలి ఉక్కు ఒక్కటేనా అని అడగండి. దానికంటే ముఖ్యమైనది ఉక్కు మీది పూత. చదరపు మీటరుకి, రెండు వైపులా కలిపి, 150 గ్రాముల జింకు-అల్యూమినియం పూత ఉన్న రేకూ 70 గ్రాములదీ కంటికి ఒకేలా కనిపిస్తాయి. ఉప్పుగాలి తగిలే ఊళ్లో ఆ తేడా కొన్నేళ్లకు తుప్పై బయటపడుతుంది. పేరున్న కంపెనీలు ఈ వివరాలను సాధారణంగా రేకు అడుగునే అచ్చువేస్తాయి. రంగు విషయంలో నా ఓటు తెలుపుకే. తెల్ల కప్పు ఎండను వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. రేటు మాట్లాడుకునేటప్పుడు ఇంకొకటి: రేకు వెడల్పు వేరు, ఒకదాని మీద ఒకటి ఎక్కాక అది కప్పే వెడల్పు వేరు. డబ్బు దేనికి లెక్కగడుతున్నారో కాగితం మీద రాయించుకోవాలి.

ఇక గాలి సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసిన విశాఖవాళ్లకి ఎక్కువ చెప్పక్కర్లేదు. గాలి కప్పును తొక్కేస్తుందని అనుకుంటాం గానీ నిజానికి పైకి లాగేస్తుంది. చూరులోనూ మూలల్లోనూ ఆ లాగుడు మరీ ఎక్కువ. భారతీయ ప్రమాణాల్లో కట్టడాల లెక్కకు తీసుకునే గాలి వేగం హైదరాబాదుకి సెకనుకు 44 మీటర్లు, విశాఖకి 50. అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదులో సరిపోయిన పద్ధతి ఇక్కడ చాలదు. అంచు వరసల్లో స్క్రూలు దగ్గరదగ్గరగా పడాలి, కింది ఇనప పైపులు గోడలోకి గట్టిగా దిగి ఉండాలి. కప్పంతా ఒకే దూరంలో స్క్రూలు కొట్టుకుపోయేవాణ్ణి ఆపి అడగాలి.

స్క్రూ కొట్టడంలోనే పనితనం తెలిసిపోతుంది. స్క్రూ తల కింద రబ్బరు వాషరు ఉంటుంది. మరీ బిగిస్తే రబ్బరు నలిగి, చీలి, ఒకటి రెండు ఎండాకాలాల్లో ఊడిపోతుంది. వదులైతే అక్కడే నీళ్లు దిగుతాయి. వాషరు అంచు కొద్దిగా ఉబ్బి కనబడగానే ఆపెయ్యాలి. మా మేస్త్రీ కొత్తకుర్రాడి చేతిలో డ్రిల్లు పెట్టి, ప్రతి స్క్రూ దగ్గరా వంగి చూసి, నచ్చనివి విప్పించి మళ్లీ కొట్టించాడు. స్క్రూ కొట్టేటప్పుడు రాలిన ఇనప రజను సాయంత్రం మెత్తటి చీపురుతో ఊడిపించాడు. ఆ రజను రాత్రి మంచుకే తుప్పుపట్టి రంగు మీద మచ్చలు తెస్తుందట. రేకుల్ని గ్రైండరుతో కొయ్యనివ్వలేదు. ఆ వేడికి అంచున పూత కాలిపోతుందని కత్తెర వాడించాడు.

డబ్బు విషయంలో కచ్చితంగా ఉండడం ఇద్దరికీ మంచిదే. సరుకు మా ముందు దిగాక కొంత, కప్పు ఎక్కాక కొంత ఇచ్చాం. చివరి వాయిదా మొదటి పెద్దవాన పడ్డాక ఇస్తామని రాసుకున్నాం. ఆ మాటకి మేస్త్రీ ఏమీ నొచ్చుకోలేదు. "వాన పడ్డనాడు ఫోన్ సెయ్యండి బాబూ, నేనే వచ్చి లోపల నిలబడి సూసుకుంటాను" అన్నాడు.