పీల్చినా పలికే వాద్యం

వేణువైనా నాదస్వరమైనా ఊదితేనే పలుకుతాయి. ఊపిరి తీసుకునేటప్పుడు మామూలుగా పాట ఆగాల్సిందే. మౌత్ ఆర్గాన్‌కి ఆ బాధ లేదు. దాని మధ్య స్థాయిలో శంకరాభరణం స్వరాలు వాయించి చూడండి: స, గ, ప ఊదాలి, రి, మ, ద, ని పీల్చాలి. ద, ని వరసగా రెండూ పీల్పులే. నాలాంటి సరదా వాయిద్యగాళ్లకి ఛాతీ పట్టేసేది అక్కడే. పెదవులు ఏ రంధ్రం మీదున్నాయో కంటికి కనపడదు. నాలుక ఏం చేస్తోందో గురువు చూపించనూ లేడు.

మనకు మౌత్ ఆర్గాన్ అంటే 'షోలే'లో అమితాబ్. జాజ్ ప్రపంచంలో మాత్రం టూట్స్ థీల్‌మాన్స్. 1922లో బ్రసెల్స్‌లో పుట్టాడు. పసితనంలో అకార్డియన్, ఆ తర్వాత మౌత్ ఆర్గాన్, గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ వాయింపు విన్నాక గిటారు. ఆయన వాడింది క్రొమాటిక్ రకం. మామూలుగా పన్నెండు రంధ్రాలు, 48 రీడ్లు. పక్కనున్న మీట నొక్కితే స్వరం అరమెట్టు పైకెక్కుతుంది. శాక్సఫోన్ వాళ్లు పరుగెత్తించే స్వరాలన్నీ ఆ చిన్న పెట్టెలోంచి రప్పించాడు. తమాషా ఏమిటంటే, 1962లో ఆయన పేరు మోగించిన 'బ్లూసెట్' మొదటి రికార్డింగులో మౌత్ ఆర్గానే లేదు. గిటారు మీటుతూ, అవే స్వరాలు ఈల వేశాడు!

చాలామంది ఆయన వేగాన్ని మెచ్చుకుంటారు. నాకు 1969 నాటి 'మిడ్‌నైట్ కౌబాయ్' సినిమాలో ఆయన వాయింపు ఇష్టం. జాన్ బ్యారీ కట్టిన ఆ బాణీలో విన్యాసాలేం లేవు. స్వరం సన్నగా మొదలై, నిండి, తగ్గిపోతుంది. అలా ఒక్క స్వరాన్ని వణక్కుండా నిలబెట్టడం గబగబా పది వాయించడం కంటే కష్టం. నమ్మకపోతే ప్రయత్నించండి.

1981లో టూట్స్‌కి పక్షవాతం వచ్చింది. ఎడమచేయి దెబ్బతింది, గిటారు కష్టమైంది. మౌత్ ఆర్గాన్ మీట నొక్కేది కుడిచేయి కనుక అది నిలిచింది. ఆ తర్వాతి వాయింపులో నా చెవికి హడావుడి తగ్గి, ఖాళీలు పెరిగినట్టు వినిపిస్తాయి. నాకవే ముద్దు. 2001లో బెల్జియం రాజు బారన్ బిరుదిచ్చాడు. తొంభై దాటాక కూడా కచేరీలు చేసి, 2014లో విరమించాడు, 2016లో పోయాడు.

కొత్తగా వినేవాళ్లు బిల్ ఎవాన్స్ పియానోతో కలిసి ఆయన చేసిన 'అఫినిటీ' ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. వేగం కావాలనుకునేవాళ్లకి మాత్రం అది అంతగా నచ్చకపోవచ్చు.