బైటు పుట్టించని పంక్తి

ఇంజనీరింగు చదువులో మైక్రోప్రాసెసర్ ప్రయోగశాల యందు 8085 కిట్టు ముందు కూర్చుండి, ప్రక్కన ఆప్‌కోడ్ పట్టికను పఱచుకొని, ఒక్కొక్క ఆజ్ఞకు దాని అంకెను వెదకి రికార్డు పుస్తకమున నిలువు గీతల నడుమ వ్రాసికొని, పిమ్మట ఆ అంకెలను మీటలపై నొక్కి, ఎఱ్ఱని అంకెల కిటికీలో అవి సరిగా పడినవో లేదో చూచుకొనిన తరము వారికి అసెంబ్లర్ అనగా నేమో వేఱుగ చెప్పవలసిన పని లేదు. ఏలయన ప్రయోగము ముగియువఱకు వారే అసెంబ్లరులు. ‘ఏ’ రిజిస్టరులో 5 వేయుమను ఆజ్ఞకు 3ఈ 05 అనియు, హెచ్‌ఎల్ జంటలో 4200 అను చిరునామాను నిలుపుమను ఆజ్ఞకు 21 00 42 అనియు నా వ్రేళ్లు నేటికిని మఱవలేదు. చిరునామాలో చిన్న సగము ముందును, పెద్ద సగము వెనుకను వ్రాయవలెనను ఆ నియమము ఎంత ఉపకరించినదో ముందు చెప్పుదును.

ఆ పనిలో అసలు కష్టము అంకెలు వెదకుట యందు లేదు. నడుమ ఒక్క ఆజ్ఞ మఱచి పోయినచో దాని క్రిందివన్నియు రెండేసియో మూడేసియో బైట్లు జరుగును. జరిగిన చోట్లకు దూకవలసిన ఆజ్ఞలన్నియు పాత చిరునామాలనే పట్టుకొని యుండును. అప్పుడు రబ్బరు తీసికొని పుటనంతయు తుడిచి మరల వ్రాయవలెను. చోటునకు పేరు పెట్టి, ఆ పేరుతోనే పిలిచి, అంకె సంగతి ఇంకొకరికి వదలివేయ గలుగుట ఎంత గొప్ప వరమో, ఆ పుటను రెండు మారులు తుడిచినవారికే తెలియును.

ఈ భారమును యంత్రము మీదనే మోపవలెనను తలంపు మొదట కార్యరూపము దాల్చిన చోట్లలో కేంబ్రిడ్జి ఒకటి. 1949లో అచ్చటి ఎడ్సాక్ యంత్రము కొఱకు డేవిడ్ వీలర్ రచించిన ప్రారంభాజ్ఞలు 31 మాత్రమే. ఒక్కొక్క అక్షరముతో వ్రాసిన ఆదేశములను యంత్రమునకు తెలియు రూపమునకు మార్చి, స్మృతిలో నిలుపుట వాని పని. ఆ ఊరిలోనే, 1985 ఏప్రిల్ 26వ తేదీన, ఏకార్న్ అను సంస్థలో సోఫీ విల్సన్ ఆజ్ఞావళిని కూర్చగా, స్టీవ్ ఫర్బర్ నిర్మాణమును రూపొందించిన మొదటి ఆర్మ్ చిప్పు పని చేయుట ఆరంభించెను. అంతకు మునుపే ఆ విల్సన్ రచించిన బీబీసీ బేసిక్ నడుమనే అసెంబ్లరు కూడ ఇమిడి యుండెను. బేసిక్ పంక్తుల మధ్య ప్రాసెసర్ ఆజ్ఞలను వ్రాసికొను సౌకర్యము ఇంటి కంప్యూటరు గల పిల్లలకు సైతము లభించెను. ఆర్మ్ ఆజ్ఞలను చదువునపుడెల్ల, దీనిని కూర్చినవారు స్వయముగా అసెంబ్లీ వ్రాసిన చేయి గలవారను సంగతి నాకు స్ఫురించుచుండును.

నేడు ఆర్మ్ కొఱకు నేను వాడునది గ్నూ అసెంబ్లరు. దానితో వ్రాసిన ఫైలును విప్పి చూచినచో అందు రెండు విధములైన పంక్తులు కనబడును. కొన్ని ప్రాసెసరును ఉద్దేశించినవి: దీనిని దానికి కలుపుము, ఇచ్చటి నుండి అచ్చటికి పొమ్ము అనునవి. మఱికొన్ని చుక్కతో మొదలగునవి. అవి అసెంబ్లరును ఉద్దేశించినవి, వానిలో అనేకముల నుండి ఒక్క బైటైనను పుట్టదు. కమాండ్ లైనులో మనమిచ్చు ఆప్షనులును ఈ రెండవ తెగవే. ప్రాసెసరుతో తప్పు మాటాడినచో దొరకిపోవుదుము. అసెంబ్లరుతో చెప్పవలసినది చెప్పక విడిచినచో మాత్రము, అది తనకు తోచిన అర్థము చేసికొని, మౌనముగా పని ముగించి పోవును. నన్ను రాత్రులు మేల్కొలిపినవన్నియు ఆ మౌనము నుండి పుట్టినవే.

ఈ అసెంబ్లరు అనేక ప్రాసెసర్లకు ఒక్కటే. కాని వ్రాత మాత్రము ప్రాసెసరు ప్రాసెసరునకు మాఱును. వ్యాఖ్య మొదలిడుటకు 32 బిట్ల ఆర్మ్‌లో @ గుర్తు, 64 బిట్ల ఆర్మ్‌లో రెండు వాలుగీతలు, ఇంటెల్ వంశమున # గుర్తు. ఆ # ఆర్మ్‌లో స్థిరాంకమునకు ముందు నిలుచును. ఒక పేరు ఫంక్షనని తెలుపు పంక్తిలో ఇతరత్ర @ వ్రాయు చోట ఆర్మ్‌లో % వ్రాయవలెను. లేనిచో అక్కడినుండి పంక్తి అంతయు వ్యాఖ్య క్రింద కొట్టుకొని పోవును. ఇవి చిన్నవి. ‘అలైన్’ అను పంక్తి అట్టిది కాదు. పూర్వము కుంచమను కొలత ఊరూరికి మాఱుచుండెడిదందురు; ఇదియు నట్లే. లినక్సుపై ఇంటెల్ ప్రాసెసరునకు వ్రాసినపుడు అలైన్ 4 అనగా నాలుగు బైట్ల హద్దు. ఆర్మ్‌కు వ్రాసినపుడు అదే అలైన్ 4 అనగా రెండు యొక్క నాలుగవ ఘాతము, అనగా పదునాఱు బైట్ల హద్దు. పాత ఫైలు నుండి ఒక పట్టికను ఎత్తి తెచ్చి, దాని భాగములు ఒకదాని నంటి యొకటి యుండునని నమ్మి, నడుమ పడిన ఖాళీలను గుర్తింపలేక రెండు దినములు పోగొట్టుకొంటిని. ఆనాటి నుండి బీ-అలైన్ అను పంక్తిని తప్ప వాడను. దాని కుంచము ఏ ఊరిలోనైనను ఒక్కటే.

స్థిరాంకముల సంగతి ఇంతకంటె రమ్యమైనది, కొంచెము నిలిచి చెప్పుదును. మూలపు ఆర్మ్ పద్ధతిలో ప్రతి ఆజ్ఞయు సరిగా 32 బిట్లే. షరతునకు నాలుగు బిట్లు, చేయు పనికిని రిజిస్టర్లకును మఱికొన్ని పోగా, లెక్కలు చేయు ఆజ్ఞలలో స్థిరాంకమునకు మిగులునది పండ్రెండు బిట్లు. ఆ పండ్రెండింటిని ఆ చిప్పు కూర్చినవారు ఎనిమిదిగను నాలుగుగను విడదీసిరి: ఎనిమిది బిట్ల అంకె యొకటి, దానిని రెండేసి స్థానముల చొప్పున ఎంత త్రిప్పవలెనో తెలుపు నాలుగు బిట్లు. అందుచేత 255 ఇముడును, 256 ఇముడును, 257 ఇముడదు. 258, 259 ఇముడవు. 260 మరల ఇముడును. మొదట చూచువారికి ఇది యాదృచ్ఛికముగ తోచును గాని, బిట్లు వ్రాసికొని చూచినచో 260లో మొదటి ఒకటి నుండి చివరి ఒకటి వఱకు ఏడే స్థానములు గలవనియు, అవి సరిస్థానమున మొదలగుచున్నవనియు తేటపడును. 257లో ఆ దూరము తొమ్మిది. ఇరువది అక్షరముల ఉత్పలమాల పాదమున గణము చెడకుండ, పదవ అక్షరమున యతి తప్పకుండ మాటను పొదుగువాని శ్రమ ఎట్టిదో యెఱిగినవారికి ఈ ఇఱుకు క్రొత్త కాదు.

మాట ఇముడనిచో కవి పర్యాయపదమును వెదకును. ఈ అసెంబ్లరును కొన్ని చోట్ల ఆ పని చేయును: రిజిస్టరులో మైనస్ 1 వేయుమని మూవ్ ఆజ్ఞను వ్రాసినచో, ఆ అంకె ఇముడదని గ్రహించి, సున్నను తలక్రిందులు చేసి వేయుమను మూవ్‌ఎన్ ఆజ్ఞగా దానిని తానే మార్చును. ఏ పర్యాయమును దొరకని పెద్ద అంకెలకై ఇంకొక ఉపాయము గలదు. ఎల్‌డీఆర్ ఆజ్ఞలో అంకెకు ముందు సమానపు గుర్తు నుంచినచో, చిన్నదైన దానిని మూవ్‌గా చేసి, కానిదానిని ఆజ్ఞల చివర నొక అంకెల కుప్పలో దాచి, అచ్చటి నుండి తెచ్చుకొను ఆజ్ఞను ఇచ్చట వ్రాయును. ఆ కుప్ప అందుబాటు దూరములో నుండవలెను: ఆర్మ్ పద్ధతిలో 4095 బైట్లు, థంబ్ అను పొట్టి పద్ధతి యందలి 16 బిట్ల ఆజ్ఞ కైనచో 1020 బైట్లే. నిడుపైన ఫైలులో ఆ దూరము దాటినపుడు కుప్పను దగ్గఱకు తెమ్మని అసెంబ్లరు మొఱ పెట్టును. అప్పుడు ప్రాసెసరు అడుగు పెట్టని చోటు చూచి, షరతు లేని యొక దూకు ఆజ్ఞ వెనుక, ఎల్‌టీ-ఆర్గ్ అను పంక్తిని నిలుపవలెను. ఆ చోటును ఎన్నుకొనుటలో వ్రాయువాని నేర్పు కనబడును.

థంబ్ 1994లో ఆర్మ్7 టీడీఎంఐతో వచ్చినది. 32 బిట్ల ఆజ్ఞలు స్మృతిని ఎక్కువగ తినుచున్నవని, తఱచు వాడు ఆజ్ఞలను 16 బిట్లలో కుదించి చెప్పు రెండవ భాషగా దానిని తెచ్చిరి. తరువాత థంబ్-2లో రెండు నిడివులును కలిసినవి. ఈ మార్పుల వలన వ్రాతయు రెండు విధములయ్యెను. ఫైలు మొదట ‘సింటాక్స్ యూనిఫైడ్’ అని వ్రాయనిచో అసెంబ్లరు పాత పద్ధతినే పట్టును. పాత థంబ్ వ్రాతలో యాడ్ అని వ్రాసినను ఫలితపు జెండాలు మాఱును. క్రొత్త వ్రాతలో జెండాలు మాఱవలెనన్నచో యాడ్స్ అని చివర స-కారము నుంచి తీరవలెను, ఉంచనిచో మాఱరాదు. ఆర్మ్ వారి చిన్న ప్రాసెసరైన కార్టెక్స్ ఎం0లో సాధారణ రిజిస్టరునకు స్థిరాంకమును కూడునట్టి 16 బిట్ల ఆజ్ఞకు జెండాలు మార్చని రూపమే లేదు గనుక, క్రొత్త వ్రాతలో ఉత్త యాడ్‌ను అసెంబ్లరు నిరాకరించును. పాత వ్రాతలో యాడ్స్‌ను నిరాకరించును. ఒకే పంక్తి ఒకనాడు చెల్లి, మఱునాడు చెల్లనిదగుటకు పైనున్న ఆ యొక్క మాట ఉండుటయో లేకుండుటయో కారణము. క్రొత్త వ్రాతయే న్యాయమైనదని నా నిశ్చయము: జెండాలు మాఱునను సంగతి పంక్తిలో కంటికి కనబడవలెను.

ఆప్షనులలో, ఏ ప్రాసెసరు కొఱకో తెలుపు ఎం-సీపీయూ ముఖ్యమైనది. కార్టెక్స్ ఎం3 కొఱకని చెప్పి సమీకరించిన ప్రోగ్రామును ఎం0 పై ఎక్కించినచో, అందలి భాగహారపు ఆజ్ఞ ఎం0లో లేదు గనుక ప్రాసెసరు అచ్చట నిలిచిపోవును; ఎం0 అని ముందే చెప్పి యున్నచో అసెంబ్లరే ఆ పంక్తిని పట్టి యిచ్చెడిది. బల్లపై రెండు బోర్డులున్నవారు ఈ ఆప్షనును చేతితో టైపు చేయక మేక్‌ఫైలులో వ్రాసి యుంచుకొనుట మేలు.

ఇక నా కథ. కోఠి గుజరాతీ గల్లీలో కొనిన చిన్న నీలి బోర్డు, దానిపై కార్టెక్స్ ఎం3. సిస్టిక్ అను గడియారము కొట్టినపుడెల్ల దీపమును మార్చు చిన్న ఫంక్షనును అంతవఱకు సీ భాషలో వ్రాసి యుంటిని. ఒకనాడు దానిని నా చేతితో అసెంబ్లీలోనికి మార్చితిని. దీపము వెలిగెను, ఆరలేదు. మొదటి గంట కొట్టగనే ప్రాసెసరు హార్డ్ ఫాల్ట్‌లో పడి అచ్చటనే తిరుగుచుండెను. గడియారపు అంకెను అనుమానించితిని, స్ఫటికమును అనుమానించితిని, కోఠికి మరల పోయి ఇంకొక బోర్డు తెచ్చితిని. ఆజ్ఞలను ఒక్కొక్కటిగ చదివితిని. ఒక్కటియు తప్పు కాదు.

మూడవ రాత్రి స్మృతి యందలి బైట్లను తెఱపై పఱచితిని. చిప్పు మొదట ఒక చిరునామాల పట్టిక యుండును. సిస్టిక్ పదునైదవది గనుక దాని చోటు అఱువదవ బైటు. అచ్చట 30 01 00 08 అని యున్నది. చిన్న సగము ముందు, పెద్దది వెనుక: ఆ పాత ప్రయోగశాల చదువుతో త్రిప్పి చదివితిని, 08000130. ఫంక్షను నిజముగా ఉన్న చోటును అదియే. దాని మీది వరుసను చూచితిని, క్రింది వరుసను చూచితిని. అన్నిటను చివరి అంకె బేసి. నాది మాత్రము సరి.

థంబ్ ఆజ్ఞలు ఎన్నడును బేసి చిరునామాలో మొదలు కావు. కావున చిరునామాలో కడపటి బిట్టు ఊరక పడి యుండును. ఆర్మ్ వారు ఆ ఖాళీ బిట్టును సంకేతముగా చేసికొనిరి: అది 1 అయినచో అచ్చటి భాష థంబ్, 0 అయినచో ఆర్మ్. ఎం3కు థంబ్ తప్ప రెండవ భాష రాదు, అయినను ఆ ఒకటి కొఱకు చూచును, లేనిచో ముందుకు కదలదు. నేను ఫైలు పైన ‘థంబ్’ అని వ్రాసి యుంటిని; అది ఆజ్ఞలను ఎట్లు అంకెలుగ మార్చవలెనో చెప్పినదే గాని, ఈ పేరు ఒక ఫంక్షనుదని చెప్పలేదు. పేరునకు ముందు ‘థంబ్ ఫంక్’ అను పంక్తి యుండవలెను. సీ కంపైలరు ప్రతి ఫంక్షనునకును ఆ పంక్తిని తానే వ్రాయుచుండెను; చేతితో వ్రాసిననాడు అది నా బాధ్యత అయ్యెను. అసెంబ్లరు తానే ఊహింపరాదా యని ఆ రాత్రి కోపము వచ్చిన మాట నిజము. తెల్లవాఱిన పిమ్మట తోచినది: ఆజ్ఞల నడుమ పేరు పెట్టిన ప్రతి చోటును ఫంక్షను కాదు, అంకెల పట్టికకును పేరుండును, దాని చిరునామాకు ఒకటి కలిపినచో పట్టిక యంతయు ఒక బైటు తప్పి చదువబడును. ఏది యేదియో వ్రాసినవానికే తెలియును. దానిని వానినుండియే వినవలెనని అసెంబ్లరు ఆగుట న్యాయమే.

శనివారములు మా ఊరి పాలిటెక్నిక్ పిల్లలు కొందఱు నా బల్ల వద్దకు వత్తురు. వారికి మొట్టమొదట నేర్పునది లిస్టింగు ఆప్షను: ఎడమన పంక్తి సంఖ్య, తరువాత చిరునామా, తరువాత పుట్టిన బైట్లు, కుడివైపున మనము వ్రాసిన వ్రాత. పోయిన వారము ఒక అమ్మాయి ఆ కాగితము నంతయు వ్రేలు పెట్టి చదివి, థంబ్ ఫంక్ వద్ద ఆగినది.

“సార్, ఈ లైను ఎదురుగా బైట్లేమీ లేవు. తీసేస్తే ఏమవుతుంది?”

“తీసి చూడమ్మా.”

తీసినది. దీపము వెలిగి నిలిచిపోయినది. నేను మాటాడలేదు. ఆమె పాత కాగితమును క్రొత్త కాగితమును ప్రక్కప్రక్కన పెట్టుకొని, ఆజ్ఞల బైట్లన్నియు ఒక్కటేయని రెండు మారులు సరిచూచుకొని, విసుగు చెందక, చిప్పు స్మృతిని తెఱపై తెఱచి, మొదటి వరుస నుండి లెక్కపెట్టుచు వచ్చి, ముప్పావు గంటకు, తన నోటుపుస్తకమున 30 01 00 08 అని వ్రాసి, ఆ 30 చుట్టును పెన్సిలుతో సున్న చుట్టినది.