ఇంజన్ ఆపమనే ముందు

ఆగిన లారీ ఇంజన్ ఊరికే తిరగకూడదు అంటే ఎవరూ కాదనరు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. పేచీ వచ్చేది ఆ తర్వాతి ప్రశ్న దగ్గర: ఇంజన్ ఆపేస్తే లోపలున్న మనిషి గతేమిటి? అసలు ఆ బండిని అక్కడ అంతసేపు ఎవరు ఆపారు? ఈ రెండు ప్రశ్నలకు కాలిఫోర్నియా ఒక దారి వెతికింది, మన దేశం ఇంకో దారిలో పోతోంది.

ముందు ఇంజన్ ఎందుకు తిరుగుతుందో చూడాలి. అమెరికాలో దూరప్రయాణాల ట్రక్కే డ్రైవరుకు ఇల్లు. సీటు వెనకాలే పరుపు, చిన్న ఫ్రిజ్. 11 గంటలకు మించి నడపకూడదు, మళ్లీ స్టీరింగ్ పట్టాలంటే వరసగా 10 గంటల విశ్రాంతి ఉండాలి. ఆ 10 గంటలూ ఏసీకో హీటరుకో పెద్ద ఇంజన్ తిప్పితే గంటకు సుమారు 3 లీటర్ల డీజిల్ పోతుంది. అంటే బండి అంగుళం కదలకుండా రాత్రికి 30 లీటర్లు.

మన లారీలో నిన్నమొన్నటిదాకా ఏసీ లేదు, అందుకే నిద్ర కోసం ఇంజన్ తిప్పే అలవాటూ లేదు. ధాబా ముందు నులక మంచం, అది దొరక్కపోతే క్యాబిన్ టాపు, ఎండ మండుతుంటే లారీ కింద పరిచిన టార్పాలిన్. మన దగ్గర డీజిల్ కాలేది క్యూలో. మిర్చి సీజన్లో గుంటూరు యార్డు దగ్గర చూడండి. ముందున్న బండి నాలుగు గజాలు జరుగుతుంది, వెనకవాళ్లంతా నాలుగు గజాలు జరుగుతారు, మళ్లీ ఆగుతారు. పాత బండి డ్రైవరు ఇంజన్ ఆపడు. బ్యాటరీ నీరసంగా ఉంటే సెల్ఫ్ అందుకోదు. బ్రేకులకు గాలి దిగిపోతే మళ్లీ ఎక్కేదాకా బండి కదలదు. ఈలోపు వెనకనుంచి హారన్లు, తిట్లు.

ఇక చట్టాలు. కాలిఫోర్నియాలో 2008 జనవరి 1 నుంచి పరుపున్న స్లీపర్ ట్రక్కులకు కూడా, ఆగి ఇంజన్ తిప్పడానికి 5 నిమిషాల గడువు వర్తించింది. దాటితే జరిమానా 300 డాలర్ల నుంచి మొదలవుతుంది. ఇంతటితో ఆగి ఉంటే అది డ్రైవరు మీద దౌర్జన్యమే అయ్యేది. కానీ ఆ నిబంధన తయారీదారు మెడ మీద కూడా కాడి పెట్టింది. కొత్త ఇంజన్ 5 నిమిషాలకు దానంతటదే ఆగిపోవాలి, లేదా బండి ఆగి ఉండగా తిరిగేటప్పుడు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు కఠినమైన పరిమితికి లోబడాలి. ఏసీ నడిపే చిన్న సహాయక ఇంజన్ పెట్టుకుంటే ఆ బరువు లోడులోంచి కోసుకోనక్కర్లేకుండా, 550 పౌండ్ల దాకా, అంటే సుమారు 250 కిలోల అదనపు బరువుకు అమెరికా కేంద్ర చట్టం 2012లో వీలు కల్పించింది.

దీనికంటే పదునైనది అంతకుముందే వచ్చిన కాలిఫోర్నియా ఓడరేవుల చట్టం. గేటు ముందు ట్రక్కు 30 నిమిషాలకు మించి ఇంజన్ తిప్పుతూ నిలబడాల్సి వస్తే 250 డాలర్ల జరిమానా టెర్మినల్ యాజమాన్యానిదే. నిలబెట్టినవాడే కట్టాలన్నమాట! అలాగని అది అద్భుతాలేమీ చేయలేదు. టెర్మినళ్లు అపాయింట్‌మెంట్ పద్ధతి పెట్టినా లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవుల్లో క్యూలు పెద్దగా తగ్గలేదని తర్వాతి పరిశీలనలు చెప్పాయి. సూత్రం సరైనదే, అమలు బలహీనం.

మన చట్టంలో ఇంత వివరం లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ ప్రకారం డ్రైవరు సీట్లో లేకపోతే ఇంజన్ ఆపి బ్రేకు వేయాలి. అది బండి దొర్లిపోకుండా చూసే నియమం, పొగ ఊసు అందులో లేదు. కానీ ఒక విషయంలో మనమే మెరుగు. 2017లో జీఎస్టీతో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్‌గేటు దగ్గర నిరీక్షణ తగ్గింది. ‘ఇంజన్ ఆపు’ అని ఎవరికీ చెప్పకుండానే, ఆగాల్సిన అవసరాన్ని తగ్గించిన పనులివి.

2025లో కొత్త లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. నలభై డిగ్రీల ఎండలో, ఇంజన్ వేడి పక్కన కూర్చుని నడిపే మనిషికి ఇది ఎప్పుడో దక్కాల్సింది. అయితే మామూలు ఏసీ కంప్రెసర్ ఇంజన్ బెల్టుతోనే తిరుగుతుంది. ఇంజన్ ఆపితే చల్లదనమూ ఆగుతుంది. ఆగి ఉన్నప్పుడు బ్యాటరీతో నడిచే ఏసీ గురించి పట్టించుకోకపోతే అమెరికా ఇరవై ఏళ్లుగా వదిలించుకోవాలని చూస్తున్న అలవాటును మనం కొత్తగా నేర్చుకుంటాం.

డ్రైవరుకూ కొంత బాధ్యత ఉంది. ఘాట్ ఎక్కి వచ్చాక టర్బో చల్లబడటానికి 3 నుంచి 5 నిమిషాలు ఇంజన్ తిప్పడం సబబే. ఆపి స్టార్ట్ చేస్తే ఎక్కువ డీజిల్ తాగుతుందన్న పాత నమ్మకం మాత్రం తప్పు.

మొత్తం మీద చట్టంగా కాలిఫోర్నియాది మేలు, ఎందుకంటే తాళం తిప్పేవాడినే కాక ఇంజన్ చేసినవాడినీ, బండిని నిలబెట్టినవాడినీ నిలదీసింది. మనం అక్కడినుంచి తెచ్చుకోవాల్సింది ఆ 5 నిమిషాల గడువు కాదు, ఆ నిలదీత. మార్కెట్ యార్డులు, మిల్లులు, రేవులు బండికో టైమిచ్చి టోకెన్ ఇవ్వాలి. ఆగినచోట నీడ, నీళ్లు, నడుం వాల్చే చోటు చూపించాలి. ఇవి సమకూర్చాక కూడా ఇంజన్ తిరుగుతుంటే అప్పుడు రాయండి డ్రైవరుకు చలానా.