నిద్రపోవడం తెలిసిన కణం

జనగామ జిల్లా జఫర్‌గఢ్ దిక్కు గొర్రెలు కొనేవాళ్లు ముందు జీవం నడుము మీద చెయ్యేసి చూస్తారు. ఎముక గుచ్చుకుందా, మెత్తగా ఉందా, కొవ్వు ఎంత, కండ ఎంత అన్నది ఆ వేళ్లకే ఎరుక. పశువైద్యులు ఇదే పనికి 1 నుంచి 5 దాకా మార్కులు పెట్టారు. కడపటి పక్కటెముక వెనక వెన్నుపూస అంచు వేలికి ఎంత పదునుగా తగిలితే అంత తక్కువ మార్కు. గొల్లకురుమల చేతికి ఈ లెక్క ముందునుంచీ తెలుసు.

చేతికి అందనిది ఒకటుంది. గొర్రె కండలో పోగుల సంఖ్య దాదాపుగా పుట్టేనాటికే తేలిపోతుంది. తర్వాత పెరిగేది వాటి లావే. ఆ లావుకు సరుకు అందించే మూలకణాన్ని 1961లో అలెగ్జాండర్ మౌరో కప్ప కండలో, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూశాడు. పోగుకూ దాని పైపొరకూ నడుమ ఇరుక్కుని ఉంటుంది కాబట్టి దాన్ని ఉపగ్రహ కణం అన్నారు. అవసరం పడితే లేచి, విభజన చెంది, పోగులో కలిసిపోయి తన కేంద్రకాన్ని ఇచ్చేస్తుంది. పని లేనప్పుడు నిద్రపోతుంది. కండల సందుల్లో చేరే కొవ్వుది వేరే వంశం. దాని మూలకణాలను 2010లో గుర్తుపట్టారు.

ఈ నిద్రనే పట్టుకుని పనిచేసిన శాస్త్రవేత్త హైదరాబాద్‌లోని కణ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీకి చెందిన జ్యోత్స్నా ధావన్. ఆమె వాడిన పద్ధతి నాకు భలే నచ్చింది. కండ కణాలకు పోషకాలు తగ్గిస్తే అవి ఒకదానితో ఒకటి అతుక్కుని గొట్టాలవుతాయి. ఇక వెనక్కి రావు. అదే కణాలను మిథైల్ సెల్యులోజ్ అనే చిక్కటి ద్రవంలో తేలేలా ఉంచి, ఆనుకునే నేల లేకుండా చేస్తే? పెరగడం ఆపేస్తాయి, కానీ గొట్టాలు కావు. రెండు రోజులు అలా ఉంచి మళ్లీ గిన్నె అడుగున చేరిస్తే, ఒక రోజులోనే విభజనకు సిద్ధమవుతాయి. ఆగిపోవడంలోనే రెండు రకాలున్నాయి. ఆ రెంటినీ విడదీసి చూపడానికి ఖరీదైన యంత్రమేమీ వాడలేదు, కాళ్ల కింది నేల తీసేశారంతే. ఎలుక కణాల మీద చేసిన పనే అయినా, ప్రశ్న మాత్రం అన్ని జీవాలదీ.

ఇలాంటి కణాలతో ప్రయోగశాలలో మాంసాన్నే పెంచవచ్చు. 2013లో లండన్‌లో శాస్త్రవేత్త మార్క్ పోస్ట్ ఆవు కణాలతో పెంచిన దాదాపు 20,000 కండ పోగులను కలిపి బర్గర్ వండించాడు. 2019లో సీసీఎంబీ, చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ కలిసి ఇక్కడా ఆ దారి పట్టాయి. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ రూ.4.5 కోట్లు ఇచ్చింది. పత్రికలు 'అహింసా మాంసం' అని గోల చేశాయి గానీ, అసలు పనితనం అంతకుముందే జరిగింది. కణాన్ని పెంచడం సగం పనే. దాని మూలకణ గుణం చెడకుండా నిలపడమే కష్టం.

ప్రయోగశాల మాంసం మన అంగడికి ఎప్పుడొస్తుందో రానీ. జీవాలు కాసేవారికి మాత్రం ఇందులో ఇప్పుడే పనికొచ్చే మాట ఒకటుంది. గొర్రె సూడి అయిదు నెలలు. మొదటి మూడు నెలల్లో తల్లికి మేత కరువైతే పిల్ల కండలో పోగులే తగ్గొచ్చు. పుట్టాక ఎంత దాణా పెట్టినా ఆ లోటు పూర్తిగా తీరదు. కాబట్టి పొదుగు దిగాక కాదు, సూడి కట్టిన నాటినుంచే గొర్రె మేత చూసుకోండి.