క్యాప్ చివరికే

మూతి నుంచి దట్టించే తుపాకికి నిప్పందించే పర్కషన్ క్యాప్ శనగగింజంత రాగి టోపీ. లోపల పాదరసపు ఫల్మినేట్ పూత ఉంటుంది. సుత్తి దెబ్బకు అది భగ్గుమంటే, నిపుల్ అనే సన్నటి బోలు ముక్కు గుండా నిప్పు గొట్టంలోని మందుకు చేరుతుంది. ఫల్మినేట్‌తో తుపాకి పేల్చే పద్ధతికి 1807లో పేటెంటు పొందినవాడు స్కాట్లండ్ మతగురువు అలెగ్జాండర్ ఫోర్సైత్. రాగి టోపీ ఆ తర్వాత వచ్చింది. చెకుముకిరాయి తుపాకి వానలో మొండికేసేది. 1834లో వూలిచ్‌లో రెండు రకాలతోనూ 6000 సార్లు చొప్పున పేల్చి చూస్తే, చెకుముకి 922 సార్లు మొరాయించింది, క్యాప్ 36 సార్లే.

ఇంత నమ్మదగిన క్యాప్‌కు నియమం ఒకటే: గుండు పడ్డ తుపాకి మీదికి అది చివరనే రావాలి. దట్టించకముందు, ఖాళీ తుపాకి మీద మాత్రం ఒక క్యాప్ పేలుస్తారు. మూతి ఎదుట గడ్డిపరక కదిలిందా, దారిలో నూనె లేనట్టే. తర్వాత కొలిచిన మందు, దాని మీద గుండు, ఆపైన కడ్డీ. గుండు మందును ఆనుకోవాలి. మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టం పగలవచ్చు. అందుకే కడ్డీ మీద గీత గీసుకుంటారు. గుండు అడుగుకు దిగితే గీత సరిగ్గా మూతి దగ్గర నిలుస్తుంది. పనిముట్లన్నిటిలో విలువైనది ఈ ఖర్చులేని గీతే.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌తో ఈ వరస మన దేశ చరిత్రలోకీ వచ్చింది. కాగితపు తూటాను పళ్లతో చింపి, మందు పోసి, గుండు దించి, చివరికి నడుము సంచిలోంచి క్యాప్ తీసి పెట్టేవారు. తూటాకు పూసింది ఆవు, పంది కొవ్వన్న మాట సిపాయిల్లో పాకింది. పళ్లతో కాక చేత్తో చింపమని పద్ధతి మార్చినా, 1857 ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మందిలో 85 మంది తూటాలు ముట్టలేదు.

సైనిక క్యాప్‌లకు అంచున రెక్కలుండేవి, చలికి కొంకర్లుపోయిన వేళ్లకూ చిక్కేందుకు. రివాల్వర్ క్యాప్‌లు మరీ చిన్నవి. వాటిని వరసగా నింపుకుని ఒక్కొక్కటే నిపుల్ మీదికి నెట్టే ఇత్తడి క్యాపర్ వాడితే వేళ్లకు శ్రమ తప్పుతుంది.

పేల్చాక మిగిలే మసి చెమ్మను లాగి ఇనుమును తినేస్తుంది. ఆ రోజే నిపుల్ విప్పి, గొట్టాన్ని వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి నూనె రాయాలి. మర్నాటికి వాయిదా వేస్తే తుప్పు పడుతుంది.