ఒకే కొలువు చేసిన కుంచెలు

పత్రికలకు బొమ్మలు వేసే చిత్రకారుల్లో పిలిచిన చోటికల్లా బొమ్మ వేసి పంపేవారు కొందరు, ఒక్క సంస్థ గడప తొక్కి జీవితమంతా అక్కడే గడిపినవారు కొందరు. రెండోరకం వారిని మనవాళ్లు నిష్ఠాపరులని ఒక్క మాటతో మెచ్చుకుని ఊరుకుంటారు. ఆ మెప్పు చాలదని మా అభిప్రాయం. ఒకేచోట ఉండిపోవడం వల్ల వారి బొమ్మకు ఏం ఒనగూడింది, ఏం లోపించింది, ఆ సంస్థ వారికి ఏం బాకీ పడింది అన్న మూడు ప్రశ్నలూ వేస్తే గాని అది విమర్శ అనిపించుకోదు.

మనందరికీ తెలిసిన చందమామ శంకర్ గారినే తీసుకుందాం. ఆయన పూర్తి పేరు కె.సి. శివశంకరన్. 1924లో తమిళనాట పుట్టి, మద్రాసు ప్రభుత్వ చిత్రకళాశాలలో దేవీప్రసాద్ రాయ్‌చౌధురి ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లో చదువుకున్నారు. కొన్నేళ్లు కలైమగళ్ అనే తమిళ పత్రికలో పనిచేసి 1952లో చందమామలో చేరారు. అప్పటికి నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ఆ పత్రిక పెట్టి అయిదేళ్లయింది. ఆ తరువాత దాదాపు అరవై ఏళ్లు ఆయన చందమామ మనిషే.

చందమామ కథల పత్రిక గాని బొమ్మల కథల పత్రిక కాదు కదా అనేవారుండవచ్చు. నిజమే, అందులో పాత్రల మాటలు బుడగల్లో ఉండవు. కాని ప్రతి పేజీలోనూ బొమ్మ ఉండేది. అక్షరాలు రాని పిల్లవాడు సైతం బొమ్మ వెంట బొమ్మ చూసుకుంటూ కథను సగం పోల్చుకోగలిగేవాడు. బొమ్మల కథకు అంతకన్న పరీక్ష ఏముంది?

మొదటి ప్రశ్న, ఒనగూడిందేమిటి? బేతాళ కథల బొమ్మను తలుచుకోండి. చేత కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం. రాజు ముఖంలో భయం లేదు, పౌరుష ప్రదర్శన కూడా లేదు. ఈ దారి తనకు కొత్త కాదన్నట్టు నడుస్తుంటాడు. బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడనీ, మళ్లీ దింపాలనీ తెలిసినవాడి నడక అది. నెలనెలా అదే బొమ్మ కనిపించినా విసుగు పుట్టకపోవడానికి కారణం ఈ నడకే. నెలకో పత్రికకు నెలకో తీరుగా బొమ్మ వేసి డబ్బు తీసుకునేవారికి ఇటువంటి బొమ్మ కుదరడం కష్టం. ఒకే లోకంలో ఏళ్ల తరబడి మసలినవారికి ఆ లోకంలోని గుమ్మాలు, స్తంభాలు, తలపాగాలు, ఎడ్లబండ్లు చేతికి అలవాటవుతాయి. అప్పుడు దృష్టంతా మనుషుల నిలుచునే తీరు మీద పెట్టవచ్చు. కుటుంబ వైద్యుడికీ, నాలుగు రోజులు డ్యూటీకి వచ్చిపోయే వైద్యుడికీ ఉన్న తేడా ఇదే. మొదటివాడికి రోగి చరిత్ర అడగవలసిన పని లేదు.

మరొక సంగతి. ఒకే బొమ్మ తెలుగు, తమిళం, హిందీ మొదలుకొని డజనుకు పైగా భాషల సంచికల్లో అచ్చయ్యేది. అక్షరాలు మారేవి, బొమ్మ మారేది కాదు. అందుచేత శంకర్ గారి పల్లెటూరు ఏ ఒక్క జిల్లాదీ కాకుండా, చదివే ప్రతివాడికీ తన ఊరిలాగే ఉండాలి. ఆ కష్టమైన పని ఆయన సాధించారు.

ఇక లోపించిందేమిటి? అదే సౌలభ్యం ఒక్కొక్కప్పుడు అలవాటుగా మారింది. ఆయన యువరాజుల్లో ఒకరిని ఇంకొకరి సింహాసనం మీద కూర్చోబెడితే మంత్రులు కూడా పోల్చుకోలేరు. రాకుమార్తెల సంగతి చెప్పనక్కరలేదు. ఆయనతోపాటు అక్కడే పనిచేసిన చిత్రా గారు, అంటే టి. వీరరాఘవన్, కళాశాల ముఖం చూడనివారు. శరీర నిర్మాణంలో ఆయన రేఖకు శంకర్ రేఖంత బలం లేదు. కాని తోకచుక్క, మకరదేవత వంటి ధారావాహికలకు ఆయన వేసిన విచిత్ర జంతువుల్లో ఉన్న సాహసం శంకర్ గారిలో తక్కువ. వీరిద్దరూ ఒకరి కొరత ఒకరు తీర్చుకున్నారు గనక పత్రికకు లోటు తెలియలేదు. విడిగా చూసినప్పుడు మాత్రం, ఇంకో సంపాదకుడెవరైనా ఇంకో రకం పని పెట్టి ఉంటే శంకర్ గారి కుంచె ఎటు మళ్లేదో అనిపించక మానదు. వడ్డాది పాపయ్య గారు కశింకోటలో కూర్చుని చందమామ ముఖచిత్రాలు ఒక తీరుగా, యువ బొమ్మలు మరొక తీరుగా వేయడం మనం చూశాం. ఆ వెసులుబాటు శంకర్ గారికి దక్కలేదు.

మూడోది బాకీ సంగతి. ఇది ఒక్క మద్రాసు కథ కాదు. చందమామ పుట్టిన 1947లోనే అమెరికాలో కార్ల్ బార్క్స్ అనే ఆయన స్క్రూజ్ మెక్‌డక్ అనే పిసినారి బాతును సృష్టించాడు. 1942 నుంచి 1966 దాకా ఆయన బాతుల కథలన్నీ వేసింది వెస్టర్న్ అనే ఒక్క ప్రచురణ సంస్థకే. బొమ్మల మీద డిస్నీ పేరే తప్ప ఆయన పేరు లేదు. పిల్లలే గీతను గుర్తుపట్టి, పేరు తెలియక 'మంచి బాతుల చిత్రకారుడు' అని పిలుచుకునేవారు. 1960 ప్రాంతంలో గాని ఆయన ఎవరో పాఠకులకు తెలియలేదు.

మనం నివసించే ఈ ఆస్ట్రేలియాలో మరో తరహా ఉదాహరణ ఉంది. జిమీ బ్యాంక్స్ తన ఎర్రజుట్టు అల్లరి కుర్రవాడు జింజర్ మెగ్స్‌ను 1921లో సిడ్నీ సండే సన్ పత్రికలో మొదలుపెట్టి దాదాపు ముప్పై ఏళ్లు అక్కడే వేశాడు. బొమ్మల విభాగం మొదటి పేజీలోనే తన బొమ్మ రావాలన్నది ఒప్పందం. 1951 ఫిబ్రవరిలో మూడు వారాలు దాన్ని మూడో పేజీకి నెట్టారు. ఆయన ఇక వేయనన్నాడు. వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. మొదటి పేజీ అన్నది ఒప్పందానికి ప్రాణం వంటి షరతనీ, దాన్ని తప్పితే చిత్రకారుడు తప్పుకోవచ్చుననీ కోర్టు తేల్చింది. ఆయన పోటీ పత్రికకు వెళ్లిపోయాడు. మరుసటి సంవత్సరమే కన్నుమూశాడు. ఆ తీర్పును ఇక్కడి లా విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు.

శంకర్ గారిది నిష్ఠ, బ్యాంక్స్‌ది లౌక్యం అని తీర్పు చెప్పడం సులువు. మాకు అలా తోచదు. ముప్పై ఏళ్లు ఉన్నవాడికి ఉండటం చేతకాదనగలమా? సంస్థ మాట నిలిపినన్నాళ్లూ నిలిచాడు. నిష్ఠ రెండువైపులా ఉండవలసిన వస్తువని అతను గుర్తుచేశాడు, అంతే. పైగా ఉండిపోవడమంతా భక్తి అనుకోకూడదు. 1997 నుంచి ఈ దేశంలో ఉన్న నిబంధన ప్రకారం, విదేశాల్లో చదివిన మావంటి డాక్టర్లు మెడికేర్ కింద ప్రాక్టీసు చేయాలంటే సాధారణంగా పదేళ్లపాటు డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతాల్లో ఉండాలి. ఫలానా డాక్టరు మా ఊరు వదలలేదని ఊరివారు మెచ్చుకుంటారు. అందులో ఇష్టమెంతో, నిబంధనెంతో ఆ డాక్టరుకే తెలుసు. చిత్రకారుడి విషయంలోనూ మెచ్చుకునే ముందు ఆ లెక్క అడగాలి.

చందమామ చిత్రకారులకు ఒక అదృష్టముంది. బొమ్మ మూల సంతకమన్నా మిగిలింది. అదే చందమామలో 1952 నుంచి అర్ధశతాబ్దానికి పైగా పనిచేసి, తోకచుక్క మొదలైన ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారికి ఆ పాటి సంతకం కూడా లేదు. పేరు లేకుండానే ఆ కథలు అచ్చయ్యాయి. 2010లో ఆయన పోయేనాటికి కూడా, ఆ కథలు చదివి పెరిగినవారిలో చాలామందికి రచయిత ఎవరో తెలియదు. శంకర్ గారికి పద్మశ్రీ వచ్చింది, కాని 2021లో. అప్పటికి ఆయన పోయి కొన్ని నెలలయింది. పత్రిక 2013లోనే ఆగిపోయింది. ఒకే సంస్థను నమ్ముకున్నవాడికి ఉండే అసలు ప్రమాదం ఇది. ఆ సంస్థ పోతే అతని పేరు చెప్పేవారు ఎవరూ ఉండరు.

ఆ బాకీ ఇప్పుడు సంస్థ తీర్చలేదు. పాఠకులుగా తీర్చవలసినవారం మనమే. మనలో పాత చందమామలు ఓడలోనో విమానంలోనో మోసుకొచ్చి అటకల మీద దాచుకున్నవారు ఉన్నారు. పిల్లలకు తెలుగు నేర్పేందుకు వాటిని తెరిచినప్పుడు కథ చెప్పి ఊరుకోకండి. బొమ్మ మూలన ఉన్న సంతకం చూపించి ఇది వేసిందెవరో చెప్పండి. సంతకం లేని కథ కింద రాసినవారి పేరు, తెలిసినంతవరకు, పెన్సిలుతో రాసి పెట్టండి.