ఎవరి తలమీద ఎవరి చెయ్యి?

బిషప్ అజరయ్య గురించి డోర్నకల్ ప్రాంతంలో ఒక సంగతి చెప్తారు. బాప్తిస్మం పొందినవాళ్లతో వాళ్ల చెయ్యి వాళ్ల తలమీదే పెట్టించి, తాము బాప్తిస్మం పొందినవాళ్లమని, సువార్త చెప్పకుంటే తమకు శ్రమ తప్పదని పలికించేవాడు. 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన మనిషి, 1945లో చనిపోయేదాకా డోర్నకల్‌లోనే ఉన్నాడు. ఆ ఊరు 2016లో జిల్లాలు విడిపోయేదాకా వరంగల్ జిల్లాదే. అట్లా పలికినవాళ్లలో ఎక్కువమంది మాల మాదిగలు. దొర మూటలు మోసిన తలమీద, బోధించే అధికారాన్ని తమ చేత్తో తామే పెట్టుకున్నారు.

ఇప్పుడు అవే పల్లెల్లో చాలా కూటాల్లో జరిగేది వేరు. జనం వరుస కడతారు, ఒక్క చెయ్యి అందరి తలలమీద పడాలి. సీసాలో నూనె, జేబురుమాలు, టీవీ ముందు పెట్టిన నీళ్ల గ్లాసు. పాస్టరును 'సేవకుడు' అంటూనే 'దైవజనుడు' అని కూడా అంటున్నారు. బైబిల్లో మోషేకూ ఏలీయాకూ వాడిన మాట అది. మరి మిగతా జనం ఎవరి జనం?

విచిత్రమేమంటే, హనుమకొండలో 1879లో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషన్ సిద్ధాంతం ప్రకారం ప్రతి విశ్వాసీ యాజకుడే. సిద్ధాంతానికి ముందే మనకు ఆ అనుభవం ఉంది. ఒంగోలు మాదిగల ఉద్యమాన్ని క్లౌ దొర ఖాతాలో రాస్తారు గానీ, 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య అంతకుముందే యోగుల దగ్గర శిష్యరికం చేసి దేవుణ్ణి వెతుక్కున్నవాడు. దొర చెప్తే తెలుసుకున్నవాడు కాదు. జాషువా 'గబ్బిలం'లో కూడా అరుంధతీయుడు పూజారిని బతిమాలడు, గబ్బిలంతో నేరుగా శివునికి కబురంపుతాడు.

అయితే ఈ ఆధారపడటాన్ని మూఢత్వమని కొట్టిపారేసే మన మేధావులతో నాకు పేచీ ఉంది. పల్లెలో మొదట చదువొచ్చినవాడు తరచుగా ఆ ఉపదేశే. ఉత్తరం చదివిందీ, అర్జీ రాసిందీ ఆయనే. గదిలోకి పోయి తలుపేసుకొని ప్రార్థించమన్నాడు యేసు. నిజమే, మన గుడిసెలో గదేదీ, తలుపేదీ? మనం సమానంగా కూచున్న మొదటి కప్పు చర్చిదే. కాబట్టి సంఘం వద్దు, దేవుడూ నేనూ చాలు అనడం మన సమస్యకు జవాబు కాదు. అది గదులున్నవాళ్ల మాట.

చిక్కు తాళంచెవుల దగ్గరుంది. 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు పాస్టరు చేతిలో. బాప్తిస్మం రిజిస్టరు ఆయన బీరువాలో. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితునికి ఎస్సీ హోదా లేదు, ఆంధ్ర, తెలంగాణల్లో బీసీ-సి అంటారు. అందుకే ఆ రిజిస్టరులో పేరుంటే ఒక భయం, లేకపోతే ఇంకో భయం. ప్రార్థనకు మధ్యవర్తి అక్కర్లేదని నమ్మినవాడు కూడా పెండ్లికీ చావుకూ ఆ గుమ్మం తొక్కాల్సిందే. గుడిదగ్గర వదిలించుకున్నామనుకున్న పురోహితుడు ఇట్లా, కాగితాల దారిన, మన వాడకే వచ్చి కూచున్నాడు. వాడు మన కులమోడే కావడం వల్ల ఆ పెత్తనం పోదు.

మా నాయనమ్మకు అక్షరం రాదు. నాటేస్తూ బురదలో నిలబడే దేవునితో మాట్లాడేది, కొట్లాడేది. ఆదివారం అయ్యగారికి చెప్పుకోరాదా అంటే, "దేవుడేమన్న అయ్యగారి కింద జీతగాడా? నాకు నోరు లేదా బిడ్డా?" అనేది. ఆమె పోయినప్పుడు చందా బాకీ ఉందని సమాధి జాగ కోసం మమ్మల్ని సగం రోజు నిలబెట్టారు. ఏ సంఘమో పేరెందుకు. పొద్దుగూకేముందు చిట్టీ మీద సంతకమైంది. అయ్యగారు వచ్చేసరికి మాత్రం, ఆమెతో నాట్లేసిన ఆడోళ్లు గుంత చుట్టూ నిలబడి ప్రార్థన ముగించేశారు.